ఆకుపచ్చ సిరా

2015 ఆఖర్లో తెలంగాణలో గ్రూప్-2 నోటిఫికేషన్ వచ్చింది. మొదట 439 పోస్టులన్నారు, తర్వాత మరికొన్ని కలిపి 1,032 చేశారు. ఆ వార్త తెలిసిన సాయంత్రమే చిక్కడపల్లిలో ఒక స్టేషనరీ షాపుకి పోయి ఆకుపచ్చ ఇంకు పెన్ను కొన్నాను. సిలబస్ కాగితం జిరాక్స్ తీయించుకోవడానికి మాత్రం ఇంకో తొమ్మిది రోజులు పట్టింది.

పెన్ను ఎందుకంటే, గెజిటెడ్ అధికారులు ఆకుపచ్చ ఇంకుతో సంతకం పెడతారు. చిన్నప్పుడు కుల సర్టిఫికెట్ కోసం నాయినతో కలిసి ఎమ్మార్వో ఆఫీసు ముందు పొద్దుటి నుంచి కూర్చున్న రోజు ఒకటుంది. మూడు దాటాక లోపలికి పిలిచారు. కాగితం మీద పచ్చగీత ఒకటి పడింది. బయటికొచ్చాక నాయిన ఆ గీత ఆరేదాకా నోటితో ఊది, మడత పడకుండా తువ్వాలలో చుట్టి, బస్సులో కూర్చున్నంతసేపూ ఒళ్లోనే పెట్టుకున్నాడు. ఆ గీత గీసేవాణ్ణి కావాలని ఆ రోజే అనుకున్నాను. అందులో తప్పేమీ లేదు. గీత గీయడమే ముందు నేర్చుకోవాలనుకోవడం దగ్గర మొదలైంది నా తెలివితక్కువతనం.

అశోక్‌నగర్ గదిలో మంచం మీద బోర్లా పడుకుని సంతకాలు సాధన చేసేవాణ్ణి. ఇంటిపేరు పొట్టిగా, పేరు పొడుగ్గా, చివరి అక్షరం తోక పైకెగిరేలా. సంతకం కింద 'డిప్యూటీ తహసీల్దార్' అని కూడా రాసేవాణ్ణి. ఒకరోజు మా రూమ్మేటు చూసి, "అది గెజిటెడ్ పోస్టు కాదురా, నీ పచ్చ పెన్నుకి అక్కడ పనిలేదు" అన్నాడు. ఓర్వలేక అంటున్నాడనుకున్నాను.

అప్పుడు నాకు ముప్పై ఏళ్లు. అంతకుముందు మా మండల కేంద్రంలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పేవాణ్ణి. సర్కారు ఉద్యోగాలకు గరిష్ఠ వయసు 34 ఉండేది. 2015 జూలైలో దాన్ని పదేళ్లు సడలించి 44 చేశారు. రాష్ట్రం కోసం కొట్లాడుతూ ఏళ్లు పోగొట్టుకున్నవాళ్లకు అది న్యాయమైన వెసులుబాటే. నేను దాన్ని వేరేలా లెక్కేసుకున్నాను. నలభై నాలుగులోంచి ముప్పై పోతే పద్నాలుగు. పద్నాలుగేళ్లు చేతిలో ఉన్నవాడికి ఇవాళ సాయంత్రం చదవకపోతే కొంపేం మునుగుతుంది?

ప్రణాళిక వేయడంలో నన్ను మించినవాడు ఆ వీధిలో లేడు. డ్రాయింగ్ షీటు, అడుగు స్కేలు, ఏడు రంగుల స్కెచ్ పెన్నులు. నాలుగింటికి లేవడం. నాలుగుంబావు నుంచి ఆరున్నర దాకా చరిత్ర, ఎరుపు. తర్వాత పాలిటీ, నీలం. మధ్యాహ్నం జాగ్రఫీ, ఆకుపచ్చ. ఇలా రాత్రి పదకొండు దాకా. చార్టు గీయడానికి ఒక ఆదివారం పూర్తిగా పట్టేది. గోడకు అంటించి, రెండడుగులు వెనక్కి జరిగి చూస్తే సిలబస్ సగం అయిపోయినంత తృప్తి. సోమవారం నాలుగింటికి లేచేవాణ్ణి. మంగళవారం అయిదున్నర. బుధవారం ఊరి నుంచి ఎవరో వచ్చేవారు. గురువారానికి చార్టుకీ నాకూ మాటలుండేవి కావు. ఒక్కరోజు తప్పితే మొత్తం ప్రణాళికే చెడిపోయిందని నాకో పట్టింపు. పాత చార్టు మీదే కొత్తది అంటించేవాణ్ణి. ఒకటో తారీఖు నుంచి, లేదంటే ఉగాది నుంచి, కాదంటే పుట్టినరోజు నుంచి. గది ఖాళీ చేసిననాడు గోడ మీంచి ఒలిచి లెక్కపెట్టాను. పదిహేడు.

పదిహేడు చార్టుల్లోనూ మొదటి గడి చరిత్రే. కాబట్టి పదిహేడు సార్లూ శాతవాహనుల దగ్గరే మొదలుపెట్టాను. కోటిలింగాలలో దొరికిన నాణేలు, నానాఘాట్‌లో నాగానిక శాసనం, నాసిక్‌లో గౌతమీ బాలశ్రీ శాసనం, హాలుడు గాథాసప్తశతిని ఏ ప్రాకృతంలో కూర్చాడు, అన్నీ నోటికే. వాళ్లింట్లో పెళ్లయితే నాకు శుభలేఖ వచ్చేంత చుట్టరికం కలిసింది. కాకతీయుల దాకా ఏడెనిమిదిసార్లు వెళ్లుంటాను. కుతుబ్‌షాహీలను ఒక్కసారే కలిశాను. మూడో పేపరు ఎకానమీ చార్టులో ఎప్పుడూ అట్టడుగున, ఊదారంగులో, రాత్రి తొమ్మిదిన్నరకు ఉండేది. అక్కడికి చేరేసరికి నిద్రొచ్చేది, లేదా చార్టు మారిపోయేది.

అయినా నాకు నిరాశ కలగలేదు. నా కథలో అసలు వింత ఇదే. ఉత్సాహం తగ్గితే ఏం చెయ్యాలో నేర్పే పుస్తకాలూ ఉపన్యాసాలూ లోకంలో బోలెడున్నాయి. నాకు ఉత్సాహం ఎన్నడూ తగ్గలేదు. తగ్గకుండా చూసుకోవడమే పూర్తికాలం పనిగా పెట్టుకున్నాను. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. డేటా ఉచితం. పరీక్షకు రెండు నెలలు. టాపర్ల ఇంటర్వ్యూలు రోజుకు మూడు గంటలు చూసేవాణ్ణి. ఊరికే కాదు, నోట్సు రాసుకుంటూ. ఒకాయన రోజుకు నాలుగు గంటలే నిద్రపోయానన్నాడు, ఇంకొకావిడ ఎనిమిది గంటలు పడుకున్నానంది. సగటు ఆరు అని రాసి కింద గీత గీశాను. ఆ నోట్సు రెండొందల పేజీలు నిండింది. ఎకానమీ నోట్సు పద్నాలుగు పేజీలుండేది. అందులో మూడు పేజీలు శీర్షికలే.

సాయంత్రాలు సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర టీ బండి. అయిదు రూపాయల అన్నం తిని, చెట్ల కింద ప్లాస్టిక్ కుర్చీల్లో పొద్దంతా కూర్చున్న పిల్లలు నాలుగింటికి లేచి వచ్చేవాళ్లు. వయసులో పెద్దవాణ్ణి కాబట్టి 'అన్నా' అనేవాళ్లు. ఆ పిలుపులో మత్తుంది. పరీక్ష రాయకముందే నేను సీనియర్‌నయిపోయాను. ఎవరైనా మొహం వేలాడేసుకుని వస్తే, "ఆశ వదలొద్దు తమ్మీ" అని మొదలుపెట్టి, టీ చల్లారేదాకా చెప్పేవాణ్ణి. బాగా చెప్పేవాణ్ణి కూడా. ఒకబ్బాయి నా మాటలు ఫోన్లో రికార్డు చేసుకునేవాడు.

వీటన్నిటికీ ఇప్పుడు నవ్వుకోగలను. ఒక్కదానికి మాత్రం నవ్వు రాదు. ఖమ్మం వైపు నుంచి వచ్చిన కుర్రాడొకడు, తండ్రి లేడు, తల్లి మిర్చి కూలికి పోతుంది. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ పనికి పిలుపొచ్చిందని, చేరాలా వద్దా అని నన్నడిగాడు. జీతం పన్నెండు వేలు. "చిన్న ఉద్యోగంలో చేరితే ఆకలి చచ్చిపోతుంది తమ్మీ, ఆ ఆకలే మన ఆస్తి" అన్నాను. ఎక్కడో విన్న ముక్క. చెప్తున్నప్పుడు నా గొంతు నాకే ముచ్చటేసింది. కుర్రాడు చేరలేదు. ఏడాది తర్వాత గది అద్దె కట్టలేక ఊరెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎన్నోసార్లు ఫోన్ చేశాను. ఆ నంబరు ఇప్పుడు పనిచేయడం లేదు.

పరీక్ష 2016 నవంబరు 11, 13 తేదీల్లో. నెల ముందే, అక్టోబరు 11న, పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి. నల్లగొండలో ఉండే మా ఊరు సూర్యాపేట జిల్లాలోకి పోయింది. బట్టీ పట్టిన జిల్లాల బిట్లన్నీ మళ్లీ మొదటికొచ్చాయి. అది సర్దుకునేలోపు నవంబరు 8 రాత్రి అయిదొందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నారు. నా దగ్గర నాయిన పంపినవి నాలుగు నోట్లు, నాలుగూ అయిదొందలవే. 11న పొద్దున్నే ఘట్‌కేసర్ అవతల ఉన్న సెంటరుకి బస్సెక్కాను. బస్సుల్లో పాతనోట్లు ఇంకా తీసుకుంటున్నారు గానీ చిల్లరేది? పాతిక రూపాయల టికెట్టు. కండక్టరు టికెట్టు వెనక 475 అని రాసిచ్చాడు.

నేను ఎందుకు తప్పానని ఎవరడిగినా మూడేళ్లపాటు ఈ కథే చెప్పాను. జేబులో చెల్లని నోట్లు, టికెట్టు వెనక 475, పరీక్ష హాల్లో కూర్చున్నా మనసంతా బస్సులోనే ఉందని. విన్నవాళ్లు అయ్యో అనేవాళ్లు. బంధువుల పెళ్లిలో ఒక పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. కథలోంచి నేను తీసేసిన ముక్క ఒకటుంది. నేను దిగేలోపే ఆ కండక్టరు అందరి దగ్గరా పదులూ ఇరవైలూ పోగుచేసి, 475 రూపాయలూ లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు. "పరీక్ష మంచిగ రాయి" అన్నాడు కూడా.

నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు, మొత్తం 600. నెగెటివ్ మార్కుల్లేవు. తర్వాత కీ వచ్చింది. రూమ్మేటు నేల మీద ప్రశ్నపత్రాలు పరుచుకుని, ఫ్యాను ఆపేసి, రెండు గంటలు దిద్దుకున్నాడు. అయిపోయాక గోడకానుకుని కాసేపు కూర్చున్నాడు. "ఎకానమీలో దెబ్బతిన్నా. రాదు నాకు" అన్నాడు. తర్వాత నా కట్ట చేతిలోకి తీసుకుని, "నీదీ చూద్దామా?" అన్నాడు.

"వద్దులేరా. ఇప్పట్నుంచే నెగెటివ్ ఆలోచనలు ఎందుకు" అన్నాను.

నా జీవితంలో నేనన్న మాటల్లోకెల్లా ఖరీదైన మాట అదే. ఆ కట్టను ట్రంకుపెట్టె అడుగున పెట్టి తాళం వేశాను. తెరిచి చూస్తే ఆశ చచ్చిపోతుందని భయం. చూడనంతకాలం నాకు ఎన్ని మార్కులైనా వచ్చి ఉండొచ్చు. నాలుగొందలు కూడా.

2017లో సర్టిఫికెట్ల పరిశీలనకు పిలిచినవాళ్ల జాబితా వచ్చింది. నా నంబరు లేదు. మామూలు మనిషికి అక్కడితో తెలిసిపోవాలి. కానీ అదే సమయంలో వైట్‌నర్ గొడవ మొదలైంది. ఓఎంఆర్ పత్రంలో కొందరు తప్పు దిద్దుకోవడానికి వైట్‌నర్ వాడారని, అలాంటి పత్రాలను లెక్కలోకి తీసుకోవద్దని కొందరు హైకోర్టుకి వెళ్లారు. నాకు కొత్త ఊపిరి వచ్చింది. వైట్‌నర్ పెట్టినవాళ్లంతా పోతారు, జాబితా కిందికి దిగుతుంది, దిగుతూ దిగుతూ నా దాకా వస్తుంది. వైట్‌నర్ పెట్టినవాళ్లు ఎందరో నాకు తెలియదు. నా పైన ఎందరున్నారో తెలియదు. నాకెన్ని మార్కులో అసలే తెలియదు. ఆ మూడు తెలియనివీ కలిపి ఒక నమ్మకం కట్టుకున్నాను. రోజూ పొద్దున లేవగానే ఫోన్లో హైకోర్టు కాజ్ లిస్టు చూసేవాణ్ణి. నేను ఆ కేసులో ఎవరినీ కాను. మా ఊళ్లో భూమి తగాదాలున్నవాళ్లు కూడా కోర్టు సంగతులు అంత శ్రద్ధగా పట్టించుకోరు.

ఈ ఆలస్యంలో ఎవరి తప్పెంతో తేల్చడం నా పని కాదు. ఎంతోమంది నిజంగా నలిగిపోయారు. మార్కులుండీ ఉద్యోగం చేతికందక పెళ్లిళ్లు ఆపుకున్నవాళ్లు నాకు తెలుసు. వాళ్ల బాధలోకి నేను టికెట్టు లేకుండా ఎక్కి కూర్చున్నాను. నా సంగతి అదీ.

2018లో ఆగస్టు చివర జూనియర్ పంచాయతీ కార్యదర్శుల నోటిఫికేషన్ వచ్చింది. 9,355 పోస్టులు. అన్ని పోస్టులు ఒక్కసారిగా పడటం మేం ఎరగం. రూమ్మేటు నాకూ ఒక ఫారం సిద్ధం చేశాడు. "ఫోటో, సంతకం అప్‌లోడ్ చేస్తే చాలు, దా" అన్నాడు. ప్రొబేషన్లో నెలకు పదిహేను వేలు.

"పంచాయతీ సెక్రటరీనా? మోరీలు తీయించుకుంట, సర్పంచి వెనక తిరుక్కుంట... నా టార్గెట్ వేరేరా" అన్నాను.

"టార్గెట్ ఉండనీ. అన్నం కూడా ఉండాలె గదరా" అన్నాడు.

అక్టోబరు 10న వాడు వెళ్లి పరీక్ష రాశాడు. నేను గదిలో పడుకున్నాను. అదే నెలలో గ్రూప్-2 కేసులో సింగిల్ జడ్జి తీర్పు వైట్‌నర్ వాడినవాళ్లకు వ్యతిరేకంగా వచ్చింది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో నలుగురికి బిర్యానీ తినిపించాను, నాయిన పంపిన డబ్బుతో. నలుగురిలో ఒకడైనా "నీకెన్ని వచ్చాయన్నా?" అని అడిగుంటే బాగుండేది. అడగలేదు. అన్నను ఎవరడుగుతారు?

2019 ఏప్రిల్లో రూమ్మేటు ఉద్యోగంలో చేరాడు. జూన్‌లో డివిజన్ బెంచి సింగిల్ జడ్జి తీర్పును పక్కనపెట్టింది. ఆ ఆదివారం నాయినకు ఫోన్ చేసి, ఇంకో ఏడాది పట్టేట్టుంది అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "సరే బిడ్డా" అన్నాడు. తర్వాత, "బర్రె ఈనింది, దుడ్డె పుట్టింది" అన్నాడు. నాకు నెలనెలా వచ్చే అయిదువేలూ ఆ బర్రె పాలవే.

మా గదిలో చార్టుల పక్కనే అబ్దుల్ కలాం పోస్టరు ఉండేది. చార్టులు మారినా ఆయన మారలేదు. రోజూ దండం పెట్టుకునేవాణ్ణి. ఆయన ఆత్మకథ 'వింగ్స్ ఆఫ్ ఫైర్' కూడా గదిలో ఉండేది, చదవకుండా. ఊరికి తిరిగొచ్చాక చదివాను. కుర్రతనంలో ఆయన కల విమానం నడపడం. డెహ్రాడూన్‌లో వైమానిక దళం ఎంపికకు వెళ్లాడు. ఉన్నవి ఎనిమిది ఖాళీలు, ఆయనకు వచ్చింది తొమ్మిదో స్థానం. కుమిలిపోయాడు, రుషికేశ్‌లో స్వామి శివానందను కలిశాడు, ఢిల్లీ వెళ్లాడు. అక్కడ ముందే ఇంటర్వ్యూ ఇచ్చివచ్చిన రక్షణ శాఖ ఉద్యోగం చేతికొస్తే, 1958లో సీనియర్ సైంటిఫిక్ అసిస్టెంటుగా చేరిపోయాడు. మూలవేతనం నెలకు 250 రూపాయలు. అంటే కలలు కనమని నేను గోడకెక్కించుకున్న మనిషి, రెండు చోట్ల ప్రయత్నించి, ఒకటి తప్పితే చేతికొచ్చిన రెండోదాంట్లో చేరిపోయినవాడు. తొమ్మిదో స్థానం అన్న సంగతిని తాళం వేసి పెట్టెలో దాచలేదు, పుస్తకంలో రాసుకున్నాడు. నాలుగేళ్లు నేను దండం పెట్టింది ఆయన మొహానికి మాత్రమే.

2019 అక్టోబరు 24న గ్రూప్-2 తుది ఫలితాలు వచ్చాయి. మూడు రోజులకు దీపావళి. ట్రంకుపెట్టెతో ఊరికి పోయాను. మా అక్క కూతురు అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. దానికి ఎర్ర పెన్నుతో దిద్దడమంటే మహా సరదా. పెట్టెలో ఏవో బట్టలు వెతుకుతుంటే ప్రశ్నపత్రాల కట్ట కనబడింది.

"మామా, ఇవి దిద్దలేదా?"

"లేదు."

"నేను దిద్దనా?"

ఇక వద్దనడానికి కారణం మిగల్లేదు. గడప మీద కూర్చుని ఫోన్లో కీ పెట్టుకుని మొదలుపెట్టింది. నేను అరుగు మీద కూర్చుని దాని చెయ్యి కదలడం చూస్తున్నాను. టిక్కు పెట్టేటప్పుడు చెయ్యి పైకి లేచేది, తప్పు పెట్టేటప్పుడు రెండుసార్లు అడ్డంగా ఊగేది. దూరం నుంచే లెక్క తెలిసిపోతోంది. రెండో పేపరులో చరిత్ర వరకు ఎగిరెగిరి టిక్కులు, యాభైలో నలభై మూడు. మూడో పేపరుకొచ్చేసరికి చెయ్యి అడ్డంగానే ఊగింది, ఊగింది, ఊగింది. ఒకచోట ఆగి నా వైపు చూసి మళ్లీ తల దించుకుంది.

74, 88, 41, 83. మొత్తం 286.

రూమ్మేటుకి నా కంటే డెబ్బై ఎక్కువ. పిలుపు వాడికే రాలేదు. వైట్‌నర్ పెట్టినవాళ్లనేం ఖర్మ, నల్లింకు వాడినవాళ్లలో సగంమందిని తీసేసినా జాబితా నా దాకా దిగేది కాదు. అన్నిటికంటే ఆ 41 దగ్గర ఆగిపోయాను. నూటయాభై ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు. చదువురానివాడు కళ్లు మూసుకుని గీకినా సగటున ముప్పై ఏడున్నర రావాలి. ఎకానమీలో నా చదువు విలువ మూడున్నర మార్కులు.

"ఎకానమీ చదవలేదా మామా?" అంది మెల్లగా.

"ఎప్పుడు మొదలుపెట్టినా చరిత్రతో మొదలుపెట్టేవాణ్ణి. ఇక్కడిదాకా వచ్చేది కాదు."

"మరి దీంతోనే మొదలుపెట్టొచ్చు గదా?"

దానికి పదహారేళ్లు. పదిహేడు చార్టులు, ఏడు రంగులు, రెండొందల పేజీల టాపర్ల నోట్సు, ఇన్నిట్లో ఎక్కడా ఈ ఒక్క వాక్యం లేదు. ఎందుకు లేదో ఆ రాత్రి టపాసుల మోత ఆగాక తట్టింది. దేంతో మొదలుపెట్టాలో తెలియాలంటే ఎక్కడ తక్కువున్నానో చూడాలి. ఎక్కడ తక్కువున్నానో చూస్తే ఆశ పోతుందని నా భయం. ఆశను కాపాడుకోవడం కోసం ఆశపడ్డ పనిని వదిలేశాను. విచిత్రంగా 286 చూశాక ఏడుపు రాలేదు. ఆకలేసింది. లేచి చల్లారిన గారెలు తిన్నాను.

2020 ఫిబ్రవరిలో మండల కేంద్రంలో ఆన్‌లైన్ సెంటరు పెట్టాను. నెల తిరక్కుండా లాక్‌డౌన్. ఆ బాధలు అందరివీ, విడిగా చెప్పేదేముంది. పెళ్లయింది. 2022 మార్చిలో అసెంబ్లీలో 80,039 ఉద్యోగాలని ప్రకటన రాగానే షాపు ముందు చెప్పులు పట్టలేదు. వచ్చినవాళ్లందరి దరఖాస్తులూ నింపుతూ, ఆ డిసెంబరులో గ్రూప్-4 పడితే నాదీ ఒకటి నింపుకున్నాను. అప్పటికి నాకు ముప్పై ఏడు.

ఈసారి చార్టు గీయలేదు. ఏ పుస్తకమూ తెరవకముందే పాత పేపరొకటి గడియారం పెట్టుకుని రాసి, దిద్దుకున్నాను. ఘోరంగా వచ్చింది. తప్పులన్నీ ఒక చిన్న నోటుబుక్కులో రాసుకుని, షాపు మూసాక రాత్రి రెండు గంటలు ఆ తప్పులే చదివాను. శాతవాహనుల జోలికి పోలేదు. వాళ్లు నన్ను క్షమిస్తారు. నెలకోసారి మళ్లీ ఒక పేపరు. మార్కులు రెండో మూడో పెరిగేవి, ఒక్కోసారి తగ్గేవి. చప్పగా ఉండేది ఆ పని. వీడియోల్లో వచ్చే ఒళ్లు గగుర్పాటు ఇందులో లేదు. కానీ గత నెల 61 తప్పులు, ఈ నెల 54 అని రాసుకున్న రాత్రి కలిగే చిన్నపాటి వేడి ఒకటుంది, టీ గ్లాసు పట్టుకున్నట్టు. నాకు తెలిసిన ఆశ అంతే. పరీక్ష 2023 జూలై 1న రాశాను. కీ వచ్చిన రాత్రే షాపులోనే దిద్దుకున్నాను. చాలదని తెలిసింది. ఇంటికెళ్లి మా ఆవిడకు చెప్పి పడుకున్నాను. ఉద్యోగం రాలేదు.

రూమ్మేటు ఇప్పుడు పక్క మండలంలో పంచాయతీ కార్యదర్శి. మోరీలు తీయిస్తాడు, సర్పంచి వెనక తిరుగుతాడు, నర్సరీలో మొక్కలు ఎండిపోతే తిట్లు తింటాడు. వాడు గ్రూప్-2 కూడా మళ్లీ రాశాడు. 2022 డిసెంబరులో 783 పోస్టులకు పడ్డ ఆ నోటిఫికేషన్ పరీక్ష వాయిదాల మీద వాయిదాలు పడి 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగింది. ఆ రెండేళ్లూ వాడు జీతం తీసుకుంటూ ఎదురుచూశాడు. ఎదురుచూడటానికి అంతకంటే మంచి చోటు నేను చూడలేదు.

కీ వచ్చిన రోజుల్లో మా షాపు కిటకిటలాడుతుంది. ప్రింటు పేజీకి రెండు రూపాయలు. దిద్దుకోవడానికి గోడవారన ఒక బల్ల, దాని మీద రెండు ఎర్రపెన్నులు పెట్టాను. కూర్చునేవాళ్లు పదిమందిలో ఇద్దరో ముగ్గురో. మిగతావాళ్లు ప్రింటు మడిచి జేబులో పెట్టుకుని పోతారు. పోతూ పోతూ "చూద్దాం అన్నా, పాజిటివ్‌గా ఉండాలె" అంటారు. నేనేమీ అనను. ఆ మాట ఎవరు నేర్పారో నాకు తెలుసు.

పచ్చ పెన్ను ఇంకా రాస్తుంది. పోయినవారం కౌంటరు మీద పెన్ను కనబడక, ఫారం మీద సంతకానికి ఒక పిల్లాడికి అదే ఇచ్చాను. మూత తీసి చూసి వెనక్కిచ్చేశాడు. "ఇది నడవదన్నా, నీలందో నల్లదో ఇయ్యి" అన్నాడు. నిజమే, ఫారం కింద అలాగే రాసి ఉంది. ఇప్పుడు కౌంటరుకి రెండు నల్ల పెన్నులు దారంతో కట్టి ఉంచాను.